కాకిలెక్కలూ ఆవులెక్కలూ

డెన్వర్ నుంచి ఎల్లోస్టోన్ చూడటానికి కారులో బయలుదేరే మనవాళ్లు సాధారణంగా 25వ నంబరు ఇంటర్‌స్టేట్ పట్టుకుని ఉత్తరానికి పోతారు. షయాన్ దాటాక సుమారు 45 మైళ్ల దూరంలో చగ్‌వాటర్ అనే చిన్న ఊరు తగులుతుంది. పెట్రోలు కోసమో, పిల్లల ఐస్ క్రీం కోసమో అక్కడ ఆగి, పది నిమిషాల్లో మళ్లీ కారెక్కేస్తాం. మేమూ అలాగే ఆగాం. అయితే ఆ ఊళ్లో కొన్ని పాత కట్టడాలున్నాయి. వాటిని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించారు. ఒకప్పుడు అది స్వాన్ లాండ్ అండ్ కాటిల్ కంపెనీకి ముఖ్య కార్యాలయం. నెబ్రాస్కాలోని ఒగలాల నుంచి వయోమింగ్‌లోని ఫోర్ట్ స్టీల్ దాకా ఆ కంపెనీ ఆవులు మేసేవని చెబుతారు.

అంత పెద్ద కంపెనీని ఏం దెబ్బ తీసిందని అడిగితే ఎవరైనా 1886-87 నాటి చలికాలం పేరే చెబుతారు. అది నిజమే. కానీ ఆ చలికి చాలా ముందే మరొకటి మొదలైంది. అది లెక్కల పుస్తకంలో మొదలైంది. రోజూ కంప్యూటరు తెర మీద అంకెలు చూసి, గిడ్డంగిలో సరుకు అంతే ఉందని నమ్మి జీతం తీసుకునే వృత్తి నాది. అందుకని ఆ కథ నన్ను వదల్లేదు. ఇంటికొచ్చాక దొరికింది దొరికినట్టు చదివాను. ఈ వ్యాసం ఆ చదువు ఫలితం.

ఊళ్లో కాకులెన్ని?

తెనాలి రామకృష్ణుడి పేరుతో మనం చిన్నప్పుడు విన్న కథ ఒకటుంది. ఊళ్లో కాకులెన్నో చెప్పమని రాజుగారు అడుగుతారు. రామకృష్ణుడు తడుముకోకుండా ఒక అంకె చెబుతాడు. అంతకంటే ఎక్కువుంటే? చుట్టపుచూపుగా వచ్చినవని జవాబు. తక్కువుంటే? చుట్టాలిళ్లకు వెళ్లాయని జవాబు. కాకిలెక్క అనే మాట వినగానే మనకు ఈ కథే గుర్తొస్తుంది. ఎవరూ తప్పని నిరూపించలేని లెక్క అది. ఎవరూ ఒప్పని నిరూపించలేరు కూడా.

1870, 80 దశకాల్లో అమెరికా పశ్చిమ మైదానాల్లో ఆవుల మందలు చేతులు మారింది సరిగ్గా ఇలాంటి లెక్క మీదే. దాన్ని వాళ్లు ‘బుక్ కౌంట్’ అనేవాళ్లు. అంటే పుస్తకంలో ఎన్ని ఆవులున్నాయని రాసి ఉంటే అన్ని ఉన్నట్టు. కొనేవాడు మందను చూడడు, పుస్తకం చూస్తాడు. గేదె ఇంకా చెరువులో ఉండగానే గట్టు మీద బేరం కుదుర్చుకోవడం లాంటిదే ఇది. కాకపోతే ఇక్కడ చెరువు కొన్ని వందల మైళ్లు.

ఇంత అమాయకంగా ఎలా కొన్నారని మనకు అనిపిస్తుంది. ఆనాటి పరిస్థితి చూస్తే కొంత అర్థమవుతుంది. యూనియన్ పసిఫిక్ రైలు 1867లో షయాన్ చేరింది. మైదానాల్లో కోట్లాదిగా తిరిగిన బైసన్‌లను చంపేశారు. అక్కడ తరతరాలుగా బతికిన ఆదివాసీ తెగలను రిజర్వేషన్లలోకి నెట్టారు. మిగిలింది కనుచూపు మేరా గడ్డి. ఆ నేల ప్రభుత్వానిది, కంచె లేదు, శిస్తు లేదు. టెక్సస్ నుంచి మందలను తోలుకొచ్చి వదిలితే అవే మేసి, అవే ఈని, అవే పెరుగుతాయి. సైన్యంలో అధికారిగా పనిచేసిన జేమ్స్ బ్రిస్బిన్ 1881లో మైదానాల మీద ధనవంతులవడం ఎలాగో చెబుతూ ‘ది బీఫ్ బొనాంజా’ అనే పుస్తకమే రాశాడు. పుట్టినప్పుడు అయిదు డాలర్లు చేసే దూడ పెద్దదై కోతకు వెళ్లేనాటికి 45 నుంచి 60 డాలర్లు పలుకుతుందని పత్రికలు రాశాయి. మధ్యలో ఖర్చేమిటి? గడ్డి ఉచితం కదా! ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పుట్టబోయే దూడల దూడలకు కూడా అప్పుడే ధర కట్టేశారు.

స్కాట్లండ్‌లో ఎడింబరో, డండీ నగరాల్లో ఆ రోజుల్లో వడ్డీ రేట్లు తక్కువ. చేతిలో సొమ్మున్న వకీళ్లు, వర్తకులు, పింఛనుదారులు ఎక్కువ. 1880-81 ప్రాంతంలో ఎడింబరోలో మొదలైన ప్రెయిరీ కాటిల్ కంపెనీ కొన్నేళ్లపాటు 20 శాతానికి అటూ ఇటూగా డివిడెండు పంచింది. ఇంకేముంది, కంపెనీల మీద కంపెనీలు పుట్టాయి. మన కాలంలో డాట్ కామ్ షేర్లు కొన్నవాళ్లకు ఈ ఊపు ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

పుస్తకంలో ఆవు ఎలా పెరిగింది?

బుక్ కౌంట్ పద్ధతి చూడటానికి చాలా సబబుగా ఉంటుంది. మొదట ఒక మంద కొంటారు. ఏటా రౌండప్‌లో కౌబాయ్‌లు కొత్త దూడలను పట్టుకుని కంపెనీ గుర్తుతో వాత పెడతారు. మన ‘అచ్చోసిన ఆంబోతు’ అనే మాటలో ఉన్న అచ్చు లాంటిదే ఈ వాత. అచ్చు వేసిన దూడలను మాత్రం ఒకటొకటిగా లెక్కపెడతారు. అమ్మిన కోడెలకు రైల్వే స్టేషనులో లెక్క ఉంటుంది. ఈ రెండూ నికరమైన అంకెలే. మూడోది చావులు. తోడేళ్లు తిన్నవి, దొంగలు తోలుకుపోయినవి, చలికి చచ్చినవి, బురదలో కూరుకుపోయినవి ఎవరికి తెలుసు? అందుకని ఏటికి రెండో మూడో శాతం అని ఒక అంకె వేసుకునేవాళ్లు. మొదటి నిల్వకు దూడలను కలిపి, అమ్మినవాటినీ ఆ రెండు శాతాన్నీ తీసేస్తే వచ్చేది ముగింపు నిల్వ. కూడికల్లో తీసివేతల్లో ఎక్కడా తప్పుండదు.

ఇది ఎక్కడికి దారితీస్తుందో చూడటానికి నేనొక ఊహాలెక్క వేశాను. ఒక కంపెనీకి 10,000 పశువులున్నాయనుకుందాం. ఏటా 2,000 దూడలకు అచ్చు వేస్తారు, 1,200 కోడెలను అమ్ముతారు. చావులు పుస్తకంలో 2 శాతం, మైదానంలో నిజంగా 8 శాతం అనుకుందాం. మొదటి ఏడాది పుస్తకం 10,600 అంటుంది. అయిదో ఏడాది చివర 12,882 అంటుంది. మైదానంలో మాత్రం ఏటా 800 పెరిగి 800 పోతున్నాయి కాబట్టి అయిదేళ్ల తర్వాత కూడా ఉన్నవి అదే 10,000. ఒక్క ఆవు కూడా పెరగలేదు. పుస్తకంలో మాత్రం దాదాపు 2,900 ఆవులు పుట్టుకొచ్చాయి. పుస్తకంలోని ఆవు మేత అడగదు, కాబట్టి దాన్ని ఎవరూ అనుమానించరు.

అసలు చిక్కు ఇంకా ముందుంది. ఆ పెరిగిన 2,900ను ఆస్తిగా చూపించి బ్యాంకులో అప్పు తెస్తారు. పెరుగుదలను లాభంగా చూపించి డివిడెండు పంచుతారు. డివిడెండు చూసి కొత్తవాళ్లు షేర్లు కొంటారు. ఆ డబ్బుతో పక్కవాడి మందను కొంటారు. అదీ బుక్ కౌంట్ మీదే! అంటే ఒక కాకిలెక్కను ఇంకో కాకిలెక్కతో కూడటం అన్నమాట.

మందను నిజంగా లెక్కపెట్టడం కుదరదా అంటే, కుదరదని కాదు, కష్టం. పది కంపెనీల ఆవులు ఒకే గడ్డిలో కలిసి తిరుగుతాయి. అన్నిటినీ ఒకచోటికి తోలాలంటే నెలల పని. తోలితే ఒళ్లు తగ్గి ధర పడిపోతుంది. పైగా లెక్కపెట్టడం అమ్మేవాడికీ ఇష్టం లేదు, కమిషన్ తీసుకునే మధ్యవర్తికీ ఇష్టం లేదు. కొన్నవాడు కూడా రేపు ఇంకొకడికి అమ్మాలి కాబట్టి ఆ అంకె చెడటం అతనికీ ఇష్టం లేదు. పౌడర్ రివర్ కాటిల్ కంపెనీ నడిపిన మోర్టన్ ఫ్రూవెన్ అనే ఇంగ్లీషు దొర ఉండేవాడు. విన్‌స్టన్ చర్చిల్ తల్లికి స్వయానా అక్క మొగుడు. అమ్మేవాళ్లు ఒకే మందను కొండ చుట్టూ తిప్పి, అతని చేత రెండుసార్లు లెక్కపెట్టించి అమ్మారని వయోమింగ్‌లో కథలుగా చెప్పుకుంటారు. అది జనం అల్లిన కథే కావచ్చు. కానీ అలాంటి కథ పుట్టిందంటేనే ఊరివాళ్లకు సంగతి తెలుసన్నమాట.

స్వాన్ కంపెనీ

అలెగ్జాండర్ స్వాన్ పెన్సిల్వేనియాలో పుట్టి, అయోవా మీదుగా వయోమింగ్ చేరినవాడు. మనిషి నిలువెత్తు, మాట నమ్మకంగా ఉండేది. షయాన్‌లో అతని మాటకు ఎదురులేదు. 1883లో తన కుటుంబం చేతిలో ఉన్న మూడు కంపెనీలను కలిపి ఎడింబరో మదుపుదారులకు రమారమి పాతిక లక్షల డాలర్లకు అమ్మాడు. కొత్త కంపెనీకి మేనేజరుగా కూడా అతనే కుదిరాడు. అమ్మిందీ అతనే, అమ్మిన సరుకుకు కాపలాదారూ అతనే. కొనుగోలుకు ఆధారం ఏమిటంటే పుస్తకాలు.

రెండు మూడేళ్లు బాగానే గడిచింది. కానీ అందరూ ఇదే పని చేస్తుండటంతో మైదానం నిండిపోయింది. ఒక ఆవుకు సరిపోయే గడ్డి మీద రెండు మూడు ఆవులు పడ్డాయి. మార్కెట్టుకు పశువులు వెల్లువెత్తి 1884 తర్వాత షికాగోలో ధరలు పడిపోసాగాయి. ధర పడితే డివిడెండు నిలబెట్టడానికి ఇంకా ఎక్కువ అమ్మాలి. ఎక్కువ అమ్మడానికి ఏరుదామంటే అనుకున్నన్ని కోడెలు కనిపించవు. ఎడింబరో నుంచి ఉత్తరాలు వస్తాయి, చగ్‌వాటర్ నుంచి సర్దుబాటు జవాబులు వెళతాయి. ఆవులు ఎక్కడికి పోయాయి? చుట్టాలిళ్లకు వెళ్లాయి!

ఆ చలికాలం

1886 వేసవిలో ఉత్తర మైదానాల్లో వానల్లేవు. గడ్డి ఎండిపోయింది, చాలాచోట్ల కాలిపోయింది. ఆవులు బక్కచిక్కి శీతకాలంలో అడుగుపెట్టాయి. నవంబరు నుంచే మంచు మొదలైంది. మధ్యలో ఒకసారి కాస్త వేడిగాలి వీచి పైమంచు కరిగింది, వెంటనే మళ్లీ గడ్డకట్టింది. దాంతో గడ్డి మీద గాజుపలక పరిచినట్టయింది. గుర్రం గిట్టతో మంచును తవ్వి కింది గడ్డి తింటుంది. ఆవుకు ఆ అలవాటు లేదు. 1887 జనవరిలో రోజుల తరబడి మంచుతుఫాను కొట్టింది. ఆవులు గాలికి వీపు తిప్పి నడుస్తూ వెళ్లి, వాగుల లోయల్లో గుంపులు గుంపులుగా పడిపోయాయి. ఆ కాలంలో దాదాపు ఏ కంపెనీ కూడా ఎండుగడ్డి వాములు వేసుకోలేదు. గడ్డి కోయించడం ఖర్చు, మైదానంలో గడ్డి ఉచితం!

మొంటానాలోని జూడిత్ బేసిన్‌లో 5,000 పశువుల మంద ఒకటుండేది. యజమాని లూయీ కౌఫ్‌మన్ హెలెనా పట్నంలో ఉండేవాడు. పశువులెలా ఉన్నాయో రాయమని ఆయన కబురు పంపాడు. అక్కడున్నవాళ్లకు ఏం రాయాలో తోచలేదు. వాళ్లలో చార్లీ రసెల్ అనే 22 ఏళ్ల కౌబాయ్ ఒక చిన్న అట్టముక్క మీద రంగులతో బొమ్మ వేశాడు. మంచులో వంగిపోయి నిలబడ్డ ఒకే ఒక ఎముకల గూడు ఆవు, చుట్టూ ఓపిగ్గా కాచుకుని కూర్చున్న తోడేళ్లు. జవాబుగా ఆ బొమ్మే పంపారు. ‘అయిదువేలలో ఆఖరిది’ అనే పేరుతో అది ప్రసిద్ధికెక్కింది. రసెల్ తర్వాత పెద్ద చిత్రకారుడయ్యాడు. నాకు మాత్రం ఆ బొమ్మ ఆ కాలంలో వెలువడ్డ నిజాయితీ గల వార్షిక నివేదికలాగా కనిపిస్తుంది. అది గీసినవాడు మంద దగ్గర నిలబడి, కళ్లతో చూసి గీశాడు.

షయాన్‌లో ల్యూక్ మరిన్ అనే సెలూన్ యజమాని పేరు మీద ఒక మాట చెప్పుకుంటారు. ఆ చలికాలంలో తల పట్టుకుని కూర్చున్న రాంచి యజమానులను చూసి, ఏం జరిగినా మీ పుస్తకాలు మాత్రం గడ్డకట్టి చావవులెండి అని ధైర్యం చెప్పాడట. అందరూ నవ్వారట. ఆ నవ్వులో అందరి గుట్టూ ఉంది.

మంచు కరిగాక 1887 వసంతంలో మొదటిసారి అందరూ మందలను నిజంగా లెక్కపెట్టారు. డకోటాలో మంద పెట్టిన థియొడర్ రూజ్‌వెల్ట్ తన పశువుల్లో సగానికి పైగా పోగొట్టుకున్నాడు. స్వాన్ సోదరుల సంస్థ మే నెలలో దివాలా తీసింది. ఎడింబరో కంపెనీ 1888లో జాన్ క్లే అనే స్కాటిష్ పశువుల వ్యాపారికి నిర్వహణ అప్పజెప్పింది. పాత అమ్మకందార్ల మీద వేసిన దావా అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పుస్తకంలో చూపినన్ని పశువులు మందలో లేవన్నది కంపెనీ అభియోగం. 1893లో కోర్టు, మోసం జరిగిందా లేదా అన్న మాటలోకి దిగకుండానే, దావా నడిపిన పద్ధతి సరికాదని తోసిపుచ్చింది.

ఆ చలికాలంలో మొత్తం ఎన్ని ఆవులు చచ్చాయని అడిగితే చరిత్రకారులు ఒక్కొక్కరు ఒక్కో అంకె చెబుతారు. పదిహేను శాతం అన్నవాళ్లున్నారు, తొంభై శాతం అన్నవాళ్లున్నారు. ఇంత తేడా ఎందుకంటే, చచ్చినవి లెక్కతేలాలంటే ముందు బతికున్నవి ఎన్నో తెలియాలి. అది ఎవరికీ తెలియదు. చాలామంది మేనేజర్లు గత అయిదారేళ్లుగా పుస్తకంలో మాత్రమే బతికిన ఆవులను కూడా ఆ మంచులోనే పూడ్చేశారు. పుట్టని ఆవు చావడానికి అంతకంటే మంచి అదను దొరకదు. ఆ రకంగా మంచు కొందరి పాలిట ముంచిన దేవత అయితే, కొందరి పాలిట కాపాడిన దేవత అయింది.

గడ్డికి ధర కట్టడం

స్వాన్ కాలం నాటివాళ్లకు లెక్కలు రాయడం రాదనుకోవడం పొరపాటు. వాళ్ల పుస్తకాలు ముత్యాల్లాంటి అక్షరాలతో, పైసా తేడా లేకుండా ఉండేవి. కాకపోతే రాసినవి కూలీ, గుర్రాలు, రైలు కిరాయి, వడ్డీ. రాయనివి గడ్డి, చలి, చావు. ఉచితంగా వచ్చేదాన్ని ఎవరూ పుస్తకానికి ఎక్కించలేదు. ఆఖరికి పెద్ద బిల్లు వచ్చింది అక్కడినుంచే.

తర్వాతి వందేళ్ల రాంచింగ్ చరిత్రను ఆ మూడు మాటలనూ పుస్తకంలోకి ఎక్కించిన చరిత్రగా చూడొచ్చు. మొదట కంచె వచ్చింది. ఆస్టిన్‌లో ఉన్న మిత్రులు రోజూ చూసే కాపిటల్ భవనం కట్టించినందుకు ప్రతిఫలంగా టెక్సస్ రాష్ట్రం 30 లక్షల ఎకరాలు ఇచ్చేసింది. ఆ నేల మీదే ఎక్స్ఐటీ రాంచి వెలిసింది. దాని చుట్టూ, లోపలా కలిపి కంచె సుమారు 1,500 మైళ్లు. కంచె ఉంటే మంద ఎంతో తెలుస్తుంది, కానీ కంచెకు డబ్బు కావాలి. తర్వాత ఎండుగడ్డి, తర్వాత నీళ్ల కోసం గాలిమరలు. డండీలో 1882లో పుట్టిన మటడోర్ కంపెనీ కూడా మొదట్లో దెబ్బలు తిన్నది. కానీ 1891 నుంచి మర్డో మెకెంజీ అనే మేనేజరు చేతిలో నిలదొక్కుకుని 1951 దాకా నడిచింది. స్కాట్లండుకు వెళ్లిన ఉత్తరాలు, లెక్కలు కట్టలు కట్టలుగా ఇప్పుడు టెక్సస్ టెక్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి.

ఆవులు చచ్చిన ఆ చలికాలం ఇంకా వెళ్లకముందే, 1887 మార్చిలో, ప్రతి రాష్ట్రంలోనూ వ్యవసాయ పరిశోధన కేంద్రాలు పెట్టడానికి హాచ్ చట్టం వచ్చింది. 1914లో స్మిత్-లీవర్ చట్టంతో ఆ విద్యను రైతు గుమ్మం దాకా తెచ్చే కౌంటీ ఏజెంట్ల వ్యవస్థ గట్టిపడింది. 1913లో ఆదాయపు పన్ను రావడంతో లెక్కలు రాయనివాడు కూడా రాయాల్సి వచ్చింది. 1934లో టేలర్ గ్రేజింగ్ చట్టం వచ్చాక ప్రభుత్వ భూముల్లో ఇష్టమొచ్చినట్టు మేపడం ఆగింది. ఒక ఆవూ దాని దూడా ఒక నెల మేసే గడ్డిని ఒక యూనిట్‌గా తీసుకుని 1936లో దానికి అయిదు సెంట్లు రుసుము పెట్టారు. అయిదు సెంట్లు పెద్ద సొమ్ము కాదు. కానీ ఉచితం అనుకున్న గడ్డి పుస్తకంలో ఒక వరుసకు ఎక్కింది.

చొక్కా జేబులో పుస్తకం

ఇప్పటి రాంచి యజమాని చొక్కా జేబులో ఒక చిన్న పుస్తకం ఉంటుంది. జాతీయ పశుపోషకుల సంఘం అచ్చువేసే ‘రెడ్‌బుక్’ అలాంటిదే. ఏ ఆవు ఏ తేదీన ఈనింది, కాన్పు సుళువుగా అయిందా, దూడ ఆడదా మగదా, ఏ టీకా వేశారు అన్నీ అక్కడికక్కడే రాసుకుంటారు. ఫోన్లు వచ్చాక అందులోకి ఎక్కించేవాళ్లూ ఉన్నారు. స్వాన్ పుస్తకానికీ దీనికీ తేడా ఏమిటంటే, అందులో మంద మొత్తానికి ఒక అంకె. ఇందులో ఒక్కో ఆవుకు ఒక్కో వరుస.

అలా రాస్తే ఒరిగేదేమిటో ఇంకో ఊహాలెక్కతో చూద్దాం. ఒక రైతుకు 100 ఆవులు. గడ్డి, దాణా, మందులు, కూలీ, వడ్డీ అన్నీ కలిపి ఆవుకు ఏడాదికి 900 డాలర్ల ఖర్చు. పాలు మాన్పించే నాటికి దూడ 520 పౌన్లు తూగుతుంది, మార్కెట్టులో పౌను 1.90 డాలర్లు. అంటే దూడకు 988 డాలర్లు. ఆవుకు 88 డాలర్లు మిగిలింది, మంద మీద 8,800 లాభం అని అతను సంతోషిస్తాడు. కానీ వందలో కొన్ని చూడి కట్టలేదు, కొన్ని ఈచుకుపోయాయి, కొన్ని దూడలు పుట్టి చచ్చాయి. చేతికొచ్చినవి 85 దూడలే. తిన్నవి మాత్రం 100 ఆవులూ తిన్నాయి. 90,000 ఖర్చును 44,200 పౌన్ల మీద పంచితే పౌనుకు 2.04 డాలర్లు పడింది. లాభం అనుకున్నచోట ఆరు వేల డాలర్ల నష్టం. జేబులో పుస్తకం ఉన్నవాడికి ఆ 15 ఆవులు ఏవో పేరుపేరునా తెలుస్తుంది. లేనివాడు వట్టిపోయిన ఆవును ఇంకో ఏడాది మేపుతాడు.

1990ల మొదట్లో పశుపోషకుల సంఘమూ, విశ్వవిద్యాలయాల విస్తరణ విభాగాలూ కలిసి ఈ లెక్కలకు ఒక ఉమ్మడి పద్ధతి తయారుచేశాయి. ఎస్‌పీఏ అంటారు. అందులో నన్ను ఆకట్టుకున్న విషయం, ఖర్చును రెండు రకాలుగా చూడమనడం. మొదటిది చేతినుంచి డబ్బుగా పోయింది. రెండోది అలా పోకపోయినా ఖర్చయింది. సొంత భూమిని ఇతరులకు కౌలుకిస్తే ఎంత వచ్చేది, యజమానీ భార్యా పిల్లలూ చేసిన చాకిరీకి బయట ఎంత కూలి వచ్చేది, అవీ కలపాలి. మొదటి లెక్కలో లాభం చూపే రాంచి రెండో లెక్కలో నష్టం చూపడం చాలా మామూలు. అప్పుడు ఆ లాభం ఆవు ఇచ్చింది కాదు, ఇల్లాలి కష్టం నుంచి వచ్చింది.

మన ఒంగోలు గిత్త

ఈ కథలో మనకూ ఒక వాటా ఉంది. టెక్సస్ కోస్తాలో వేడికీ, పేలకూ యూరప్ జాతి పశువులు తట్టుకోలేకపోతే, పియర్స్ రాంచి మేనేజరు ఎ. పి. బోర్డెన్ 1906లో భారతదేశం నుంచి పశువులను ఓడలో తెప్పించాడు. ఆ దిగుమతికి అనుమతి దొరకడంలో అప్పటి ప్రెసిడెంటు తోడ్పడ్డాడని చెబుతారు. ఆ ప్రెసిడెంటు ఎవరో కాదు, డకోటాలో మంద పోగొట్టుకున్న రూజ్‌వెల్టే. భారతీయ జాతుల కలయికతో ఇక్కడ పుట్టినదే ‘బ్రాహ్మన్’ అనే కొత్త జాతి. మన ఒంగోలు జాతి దాని పునాదుల్లో ఒకటి. 1924లో బ్రాహ్మన్ పెంపకందార్ల సంఘం ఏర్పడి, తల్లి ఎవరు, తండ్రి ఎవరు అని రాసే వంశావళి పుస్తకం మొదలైంది. బ్రెజిల్‌లో ఒంగోలు పశువులు నెల్లూరు పేరుతోనే ‘నెలోర్’ అయ్యాయి. అక్కడ 1938లో అలాంటి పుస్తకం పెట్టారు. ఇప్పుడు ఆ దేశపు మాంసపు మందల్లో ఎక్కువ భాగం నెలోర్‌దే. గిత్త మన ఊరిదే, కానీ దాని ముత్తాత పేరు వాళ్ల పుస్తకంలో ఉంది.

అలాగని మనవాళ్లకు లెక్క రాదని కాదు. మా నానమ్మకు రెండు గేదెలుండేవి. వంటింటి గోడ మీద బొగ్గుతో గీతలు గీసేది. నిలువు గీత అర్ధసేరు, అడ్డగీత సేరు. ఎవరింటికి ఎన్ని పాలు పోశామో నెలాఖరున ఆ గీతలు చూసి చెప్పేది, ఎవరూ కాదన్న గుర్తు లేదు. చిట్టు, తవుడు, చెక్క కొన్నదీ ఆ గోడ మీదే ఉండేది. తెల్లవారుజామున లేచి కుడితి కలిపి, పేడ ఎత్తి, పాలు పితికి, దూడను కట్టేసి, మళ్లీ సాయంత్రం అదే పని చేసిన తన రెండు చేతులకు మాత్రం ఆ గోడ మీద ఒక్క గీత కూడా లేదు. గేదెల మీద నెలకు ఇంత మిగులుతోందని తాతయ్య అందరితో గర్వంగా చెప్పేవాడు.

ఇది ఒక్క మా ఇంటి సంగతి కాదు. పంటల విషయంలో మన దేశంలో 1970-71 నుంచి సాగు ఖర్చులను పద్ధతిగా సేకరిస్తున్నారు. వాటిలో రైతు చేతినుంచి పోయినదాన్ని ఎ2 అంటారు. దానికి ఇంటివాళ్ల శ్రమ కలిపితే ఎ2 ప్లస్ ఎఫ్ఎల్. సొంత భూమి కౌలూ, సొంత పెట్టుబడి వడ్డీ కూడా కలిపితే సి2. స్వామినాథన్ అధ్యక్షతన 2004 నుంచి 2006 దాకా పనిచేసిన జాతీయ రైతు కమిషన్ ఖర్చు మీద కనీసం సగం అదనంగా మద్దతు ధర ఇవ్వమంది. ఏ ఖర్చు మీద? 2018 బడ్జెట్టులో ఒకటిన్నర రెట్లు ఇస్తామన్న ప్రభుత్వం ఎ2 ప్లస్ ఎఫ్ఎల్ తీసుకుంది. రైతు సంఘాలు సి2 అడుగుతున్నాయి. చూడటానికి రెండు అక్షరాల తగాదా. నిజానికి ఉచితం అనుకున్నదాన్ని పుస్తకంలో రాస్తామా రాయమా అన్న పాత తగాదా అది. చగ్‌వాటర్‌లో అది గడ్డి, మన దగ్గర అది రైతు సొంత చెక్క.

మా ప్రయాణంలో ఆ పాత కట్టడాల ముందు నిలబడి మా అబ్బాయి ఒక ప్రశ్న వేశాడు. ఇన్ని ఆవులుండేవా నాన్నా ఇక్కడ, ఎన్ని? నేను ఏదో అంకె చెప్పబోయి ఆగాను. పుస్తకంలో చాలా ఉండేవిరా, గడ్డిలో ఎన్నుండేవో ఎవరూ పోయి చూడలేదు అన్నాను. వాడికి అర్థమైందో లేదో, ఐస్ క్రీం కరిగిపోతోందని కారెక్కాడు. ఆ రాత్రి హోటల్లో ఆఫీసు రిపోర్టు తెరిచి చూశాను. నిల్వలన్నీ ఆకుపచ్చ రంగులో సవ్యంగా ఉన్నాయి. తిరిగి వెళ్లాక, ఒక మనిషిని గిడ్డంగికి పంపి పెట్టెలు విప్పి లెక్కపెట్టించమని మా మేనేజరుకు రెండు లైన్లు రాసి పడుకున్నాను.